తంగేడు పూలు కోసిన చేతులు, ప్రభువు బల్ల

మన మండలం పాస్టర్ల సహవాసం అధ్యక్షులకు, అయ్యగార్లందరికీ, సంఘ పెద్దలకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

నేనెవరో మీలో చాలామందికి తెలుసు. సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. 22 ఏళ్ళు సండే స్కూలు చెప్పాను. మీలో ఇద్దరికి ఇరవై మూడో కీర్తన కంఠతా పట్టించింది నేనే. అందులో ఒకరు ఇప్పటికీ గాఢాంధకారపు లోయ దగ్గర ఆగి, నీళ్ళు తాగి, ముందుకు పోతారు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీకు విడిగా చెప్పుకుందామని రెండుసార్లు వచ్చాను. మీటింగులో ఉన్నారన్నారు. అందుకే అందరూ చదివేలా రాయాల్సి వచ్చింది.

దసరా వెళ్ళాక వచ్చిన మొదటి ఆదివారం మీ కరపత్రాన్ని మా గుడిలో చదివారు. ప్రసంగం అయిపోయింది, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల మీద తెల్లగుడ్డ ఇంకా తీయలేదు, ఆ మధ్యలో చదివారు. బతుకమ్మ ఆడినవాళ్ళు, ఊరి నడుమ పాతిన బొడ్రాయికి చేసే పండుగకు చందా ఇచ్చినవాళ్ళు, ఊరి దేవత పోచమ్మకు కోసిన యాట (మేక, గొర్రె) కూర తిన్నవాళ్ళు మూడు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉండాలట. చదువుతున్న పెద్దమనిషి గొంతు సగానికొచ్చేసరికి సన్నబడింది. ఆడవాళ్ళు కూర్చున్న వైపు చూడలేదు. చూడకపోవడమే మంచిదయింది. ఆయన భార్య కూడా ఆడింది మరి.

మా వైపు మూడో చాప మీద ఒక ముసలామె కూర్చుంటుంది. పేరు రాయను. అక్షరం రాదు, కానీ పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఆమెకు వచ్చినన్ని మా గాయక బృందానికి రావు. బల్ల ఉన్న ఆదివారం తెల్లచీర కట్టుకుని, అరగంట ముందే వచ్చి కూర్చుంటుంది. ఆ రోజు కరపత్రం చదవడం అయిపోగానే, కొంగున ముడేసుకున్న పది రూపాయల నోటు విప్పి, పక్కనున్న చిన్నపిల్ల చేతిలో పెట్టి, "కానుక సంచిల ఎయ్యి బిడ్డా" అని చెప్పి లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోలేదు, చేతిలో పట్టుకుని పోయింది. ఆమెను ఎవరూ పేరు పెట్టి పొమ్మనలేదు. ఊళ్ళో అందరితో కలిసి చెరువు కట్ట మీద చప్పట్లు కొట్టింది గనుక తనంతట తానే లేచింది. ఆ తర్వాత తిరిగిన రొట్టె నా నోట్లో ఇసుకలా ఉంది.

ముందు నేను ఏం అడగడం లేదో చెప్తాను, లేకపోతే ఉత్తరం సగంలోనే "టీచరమ్మ వెనక్కి జారిపోయింది" అనేస్తారు.

పోచమ్మ ముందర మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడదామని నేను అనడం లేదు. ఆ గద్దె ముందు మా వాళ్ళు ఎలా నిలబడ్డారో మా అమ్మమ్మ చెప్పగా విన్నదాన్ని. ఊళ్ళో అమ్మవారు పోసిందంటే డప్పు కొట్టాల్సింది మా తాత. దున్నను కోయాల్సింది మా తాత. నెత్తురు కలిపిన అన్నం గంప నెత్తిన పెట్టుకుని, నడిరాత్రి పొలిమేర చుట్టూ పొలి చల్లుకుంటూ తిరగాల్సింది మా తాత. రానంటే ఊరు ఊరుకోదు. పండుగ ఊరందరిదీ, ఊడిగం మా వాడది. మా అమ్మమ్మ చెల్లెలికి తొమ్మిదేళ్ళప్పుడు ఎల్లమ్మకు ఇచ్చేయమని అడిగారు. మా ముత్తాత ఆ రాత్రే పిల్లను భుజాన వేసుకుని మిషన్ కాంపౌండుకు నడిచాడు. ఆడపిల్లను ఇలా దేవతకు ఇచ్చేసే జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో. మా ముత్తాతకు చట్టం లేదు, ఒక దొరసాని నడిపే బోర్డింగు బడి ఉంది.

తెలుగు నేలంతా ఇదే కథ. 1876 నుంచి 1878 దాకా పడ్డ కరువులో ఒంగోలు దగ్గర అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు తవ్వకం పని ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఘంలో చేరినవాళ్ళకు ఆయన పెట్టిన కట్టడి పొట్టిది: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మూడో మాట వినడానికి మెత్తగా ఉంటుంది గానీ, మాదిగవాడలో దానికి అర్థం ఊరి జాతరలో ఇక డప్పు కొట్టం అని. ఊరి పెద్దలకు కోపం వచ్చింది అందుకే. మనవాళ్ళు ఏ దేవునికి మొక్కుతున్నారన్నది వాళ్ళకు పట్టలేదు, డప్పు ఎవరు కొడతారన్నదే పట్టింది.

మన పెద్దలు ఆ రోజు "కాదు" అన్నది రెండింటికి. ఒకటి బలవంతం, రెండోది భయం. కోడిని కోయకపోతే పిల్లకు తట్టు పోస్తుందన్న భయం. ఆ "కాదు" మీద నాకు పట్టరానంత గౌరవం. ఈ రోజుకీ నేను బోనం ఎత్తను. బోనం అంటే అమ్మవారికి పెట్టే నైవేద్యం, అందులో దాపరికం ఏమీ లేదు. నెత్తిన పెట్టుకుని "నాకేం నమ్మకం లేదు, ఊరికే మోస్తున్నా" అంటే అటు మా పొరుగువాళ్ళ భక్తినీ ఎగతాళి చేసినట్టే, ఇటు నా భక్తినీ.

కానీ ఆ పెద్దలే డప్పును కూడా సాతానుది అన్నారు. రెండు తరాలు గుడి గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు క్రిస్మస్ ముందు రాత్రి మీ ఊరేగింపులో ముందు నడిచేది ఏమిటి? డప్పే. తోలు అదే, దరువు అదే, మంట మీద కాచడం అదే. చేతుల్లో మార్పు లేదు, కొట్టమన్నవాడు మారాడు. ఇది మీకు అర్థమైందని నాకు తెలుసు, ఎందుకంటే పోయిన డిసెంబరులో మీలో ఒకరు ఆ దరువుకు చిందేశారు, నేను కళ్ళారా చూశాను. బాగా వేశారు.

ఇక పూల సంగతి.

మీ కరపత్రంలో బతుకమ్మను "పూల విగ్రహం" అన్నారు. మీలో ఎవరైనా ఎప్పుడైనా పేర్చారా? పెద్దల అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు. తెల్లారకముందే ఆడవాళ్ళం గుట్ట దిక్కు పోతాం. తంగేడు అడుగు వరుసకు కావాలి, కొమ్మలకు కొమ్మలు తెంపాలి. గునుగు కోసం జొన్నచేల గట్లు పట్టుకు తిరగాలి. గునుగు అంటే ఏమిటో మీకు తెలియదేమో, అది చేలో కలుపు. వానాకాలమంతా వంగి వంగి పీకి గట్టున పారేసేది దాన్నే. ఆ కలుపు పువ్వునే తెచ్చి, కాడలు సమంగా కత్తిరించి, రంగు నీళ్ళలో ముంచి, తాంబాళంలో గుమ్మడాకు పరిచి, చుట్టూ వరుస మీద వరుస పేర్చి, నడుమ కూలిపోకుండా ఆకులు తురుములు కూరి, పైకి తెస్తాం. వేళ్ళకు తంగేడు పసుపు అంటుకుని రెండు రోజులు పోదు. ఆ సాయంత్రం నీళ్ళతో నిండిన చెరువు దగ్గర చుట్టూ తిరుగుతాం, తర్వాత పూలన్నీ నీళ్ళలో వదిలేస్తాం. దాచుకునేది లేదు, మర్నాడు మొక్కడానికి మిగిలేది లేదు.

మత్తయి ఆరో అధ్యాయం మన తెలుగు బైబిల్లో ఎలా ఉందో ఒకసారి తీసి చూడండి. "అడవిపువ్వులు ఏలాగు నెదుగుచున్నవో ఆలోచించుడి." ఏ తోటలో పువ్వుల పేరో పెట్టకుండా, అడవిపువ్వులు అని పెట్టిన ఆ అనువాదకులకు దండం పెట్టాలి. సొలొమోను వైభవం కంటే గొప్పదని ప్రభువు అన్న ఆ పువ్వులకు మా ఊళ్ళో తంగేడు అని పేరు, గునుగు అని పేరు. వాటిని ఆలోచించమన్నాడు ఆయన. మా ఊరి ఆడవాళ్ళు తొమ్మిది రోజులు అదే పని చేస్తున్నారు, మీరు ఒక్క ప్రసంగంలో అయినా చేశారో లేదో నాకు గుర్తులేదు.

అయినా నిజం దాచను. మా ఇంట్లో పేర్చిన దాని మీద పసుపుతో చేసే గౌరమ్మను పెట్టం. మా అమ్మ కాలం నుంచీ ఒక బంతిపువ్వు పెడతాం. పక్కింటి వదిన నవ్వుతుంది, "మీది తల లేని బతుకమ్మ" అని. మీరేమో తల ఉన్నా లేకున్నా ఒకే బెత్తంతో కొడతారు. పాటల్లో గౌరి ఉంది, లక్ష్మి ఉంది, అది ఊరికే పదాలు కావు. వాటితో పాటే అత్తింటి ఆరళ్ళు ఉన్నాయి, తోడబుట్టినవాళ్ళ మీద బెంగ ఉంది, తెగిన చెరువులున్నాయి. నేను కొన్ని వరుసల దగ్గర నోరు మెదపను, చప్పట్లు మాత్రం ఆపను. ఇది తెలివో, పిరికితనమో, రెండు పడవల మీద కాళ్ళో అని చాలా ఏళ్ళు నన్ను నేను తిట్టుకున్నాను. రాజుల రెండో గ్రంథం అయిదో అధ్యాయం చదివాక తిట్టుకోవడం తగ్గించాను.

నయమాను కథ సండే స్కూలు పిల్లలకు కుష్ఠు పోవడం దాకా చెప్పి ఆపేస్తాం. ఆ తర్వాత ఉన్నదే నాకు ముఖ్యం. యొర్దానులో ఏడు మునకలు వేసి శుద్ధుడైన ఆ సిరియా సేనాధిపతి ప్రవక్త దగ్గరికి తిరిగొచ్చి రెండు అడుగుతాడు. మొదటిది, రెండు కంచరగాడిదలు మోయగలిగినంత మన్ను. ఇశ్రాయేలు దేవుణ్ణి ఇశ్రాయేలు మట్టి మీదే కొలవాలని ఆయన నమ్మకం. దేవుడికీ మట్టికీ ముడిపెట్టడం అంటే ఇదే కదా, మీ భాషలో చెప్పాలంటే పక్కా అన్యాచారం. రెండోది ఇంకా ఇబ్బందికరమైనది. మా రాజు రిమ్మోను అనే దేవుడి గుడికి వెళ్ళి మొక్కేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, ఆయనతో పాటు నేనూ వంగాల్సి వస్తుంది, ఆ ఒక్క విషయంలో యెహోవా నన్ను క్షమించాలి అంటాడు.

ఆ ప్రవక్త ఎలీషా ఏం చేయాలి? బయలు ప్రవక్తలతో కర్మెలు కొండ మీద తలపడ్డ ఏలీయా శిష్యుడాయన. మన్ను ఎందుకురా, దేవుడు అంతటా ఉన్నాడు అని పాఠం చెప్పొచ్చు. రిమ్మోను ముందు వంగితే నీ బాప్తిస్మం చెల్లదు అనొచ్చు. కనీసం ఒక కరపత్రం చదివి వినిపించొచ్చు. ఆయన అన్నది ఒక్క మాట: నెమ్మది గలిగి పొమ్ము. సరే అనలేదు, వద్దనీ అనలేదు. వాడు తిరిగి వెళ్ళి బతకాల్సిన ఇల్లు ఎలాంటిదో, అక్కడ వాడి చేతి మీద ఎవరు ఆనుకుంటారో ఎలీషాకు తెలుసు. మన సంఘాల్లో సగం మందికి కాగితం మీద ఒక పేరు, బల్ల దగ్గర ఒక పేరు ఉంది. క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని సర్టిఫికెట్టులో ఒక మతం, గుండెలో ఒక మతం పెట్టుకుని పిల్లల్ని చదివించుకుంటున్నారు. రిమ్మోను గుడిలో వంగిన నడుములు అవీను. వాటి మీద మీరు కరపత్రం వేయలేదు, వేయరు కూడా. నేనూ వేయమనడం లేదు.

మీ కాగితంలో ఉన్న వచనాల్లో ఒకటి గట్టిది, దాన్ని తప్పించుకుపోను. యిర్మీయా ఏడో అధ్యాయం: పిల్లలు కట్టెలు ఏరుతారు, తండ్రులు నిప్పు రాజేస్తారు, ఆడవాళ్ళు ఆకాశరాణి అనే దేవతకు పిండివంటలు చేస్తారు. చదువుతుంటే మా సద్దుల సత్తు పిండీ మలీదా ముద్దలే కళ్ళ ముందు ఆడతాయి. కానీ అదే పుస్తకం నలభై నాలుగో అధ్యాయంలో ఆ ఆడవాళ్ళు తిరిగి ఏం జవాబిచ్చారో చూడండి. ఆకాశరాణికి ధూపం మానేసినప్పటి నుంచీ మాకు అన్నీ కరువయ్యాయి, కత్తికీ ఆకలికీ చస్తున్నాం అన్నారు. అదీ అసలు జబ్బు. పెడితే ఇస్తుంది, మానేస్తే చంపుతుంది. అలాంటి బేరం మా సంఘంలో ఏ ఆడమనిషి మనసులో ఉన్నా ఆమె ఇంటికి వెళ్ళండి, కూర్చోండి, నీళ్ళు తాగండి, మాట్లాడండి. నేనూ వస్తాను. బతుకమ్మ ఆడకపోతే వాన పడదని నమ్మే మనిషిని ఒక్కరిని చూపించండి.

హోషేయ ప్రవక్త కూడా ఇదే మాట ఇంకో వైపు నుంచి చెప్పాడు. ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఇచ్చింది నేనే అని భార్యలాంటి ఇశ్రాయేలుకు తెలియలేదే అని దేవుడు వాపోతాడు. ధాన్యం తప్పు అనలేదు, నూనె అపవిత్రం అనలేదు. ఎవరికి దండం పెట్టాలో మరిచిపోయావు అన్నాడు. బయలు వాన ఇచ్చే దేవుడని కనాను రైతుల నమ్మకం. ఆ రైతుల మధ్యనే బతుకుతూ ఇశ్రాయేలీయులు కోత పండుగలు చేశారు, మొదటి పన తెచ్చి అల్లాడించారు, కొమ్మలతో పర్ణశాలలు కట్టుకుని ఏడు రోజులు సంతోషించారు. ద్వితీయోపదేశకాండం ఇరవై ఆరులో ప్రథమ ఫలాల గంప పట్టుకుని రైతు చెప్పాల్సిన మాట మా తండ్రి దిక్కులేని అరామీయుడు అని మొదలవుతుంది. భూమి పండుగను తీసేయలేదు, అందులోకి తమ కథను తెచ్చుకున్నారు.

పదే పదే అన్యులు, అన్యాచారం అని రాశారు గనుక ఇంకొక్క మాట. బైబిల్లో అన్యులు అంటే యూదులు కానివాళ్ళు. అంటే మనమే అయ్యగారూ. మీరూ, నేనూ, మన మెదక్ గుడి కట్టిన పోస్నెట్ దొర కూడా. అపొస్తలుల కార్యాలు పదిహేనులో యెరూషలేములో కూర్చుని చర్చించింది మన గురించే, వీళ్ళ నెత్తిన ఎంత బరువు పెట్టాలా అని. చివరికి నాలుగు మాటలు చాలన్నారు. మీ కరపత్రంలో పదకొండున్నాయి.

ఈ తగాదా మనతో పుట్టింది కాదు. క్రీస్తు శకం 601లో పోపు గ్రెగరీ ఇంగ్లండుకు పోతున్న మెల్లిటస్ అనే సన్యాసికి ఒక ఉత్తరం రాశాడు. వాళ్ళ గుళ్ళు కూల్చొద్దు, విగ్రహాలు మాత్రం తీసేసి పవిత్ర జలం చల్లి ఆరాధనకు వాడుకోండి. ఎడ్లను బలిచ్చే అలవాటుంది కదా, పండుగ నాడు గుడి చుట్టూ కొమ్మల పందిళ్ళు వేసుకుని దేవునికి స్తోత్రం చెప్పి వండుకు తిననివ్వండి. పైకి ఎక్కాలనుకునేవాడు మెట్టు మెట్టుగానే ఎక్కుతాడు, ఎగిరి దూకడు. దీనికి కొద్ది రోజుల ముందే ఆ దేశపు రాజుకు గుళ్ళు పడగొట్టమని రాసిన మనిషే ఈయన. ఆలోచించి మనసు మార్చుకున్నాడు. మార్చుకుంటే పోపు పరువేం పోలేదు.

మన దక్షిణాదిలో 1606లో మదురైకి వచ్చిన ఇటలీ పాదిరి రాబర్ట్ డి నొబిలి కాషాయం కట్టాడు, గంధం పెట్టాడు. క్రైస్తవులైనవాళ్ళు జంధ్యం, పిలక ఉంచుకోవచ్చని 1623లో రోము ఒప్పుకుంది. 1744లో మళ్ళీ ఆ కట్టుబాట్లలో చాలావాటిని బిగించింది. చైనా క్రైస్తవులు తాతముత్తాతలకు దండం పెట్టుకోవడం 1742లో వద్దని, 1939లో సరే అని 197 ఏళ్ళు తిప్పింది. నాకు ఇందులో కనిపించేది ఒకటే. జంధ్యం గురించి అంత దూరంలో అన్నేళ్ళు తర్కించిన సభలు డప్పు కొట్టేవాడి మాట అడిగినట్టు నేను ఎక్కడా చదవలేదు. పై కులం అలవాటు సంస్కృతి అయింది, కింది కులం అలవాటు దయ్యం అయింది. మీ కరపత్రంలోనూ ఆ వాసన ఉంది. వీణ మీద కీర్తన పాడితే తెలుగుదనం అంటారు, చెరువు కట్ట మీద చప్పట్లు కొడితే అన్యాచారం అంటారు.

2019 అక్టోబరులో అమెజాను అడవుల నుంచి రోముకు వచ్చినవాళ్ళు తెచ్చుకున్న కొయ్య బొమ్మలను, కడుపుతో ఉన్న ఒక స్త్రీ బొమ్మలను, ఒక గుడిలోంచి ఎవరో ఎత్తుకుపోయి టైబరు నదిలో పారేశారు. భూదేవి బొమ్మలు అని వాళ్ళ కోపం. పోపు ఫ్రాన్సిస్ క్షమాపణ అడిగాడు. ఆ బొమ్మ ముందు నన్ను మోకరించమంటే మోకరించను. నదిలో వేయమన్నా వేయను. ఈ రెంటి మధ్యనున్న జాగాలోనే మా ఊరి క్రైస్తవ ఆడవాళ్ళు బతుకుతున్నారు, అది మీరు అనుకున్నంత ఇరుకు జాగా కాదు.

మన గుడిలోకి వద్దాం. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గరికి బంతిపూలు, కొవ్వొత్తులు, అగరుబత్తులు పట్టుకుపోతాం. పెళ్ళిలో సిలువ గుర్తు పుస్తెలు కడతాం. జర్మనీ వాళ్ళు చలికాలంలో ఇంట్లో పెట్టుకునే పచ్చని చెట్టును, మంచు పడని మన ఊళ్ళో, ప్లాస్టిక్‌తో చేయించి దూది అంటిస్తాం. ఆరాధనకు కూడే రోజుకు ఆదిత్యుడి పేరు. అన్నీ కలిసిపోయాయి, ఎవరికీ బాధ లేదు, నాకూ లేదు. నాకు బాధ వేసేది ఇంకోటి. మీ సహవాసంలోనే కొందరు చిన్న సీసాల్లో నూనె పోసి "అభిషేక తైలం" అని అమ్ముతున్నారు. నూట యాభై రూపాయలు. గుమ్మానికి రాస్తే దృష్టి తగలదట, విత్తనాల బస్తా మీద చల్లితే పంట విరగపండుతుందట. గుమ్మానికి నిమ్మకాయ కట్టినవాడిని గద్దించి, అదే గుమ్మానికి నూనె సీసా అంటగడితే మారిందేమిటి? సీసా మీద వచనం ఉంది, అంతే. యిర్మీయా ఆడవాళ్ళ భయమే ఇది, కాకపోతే రేటు కట్టారు. మూడు నెలల శిక్ష ఎక్కడ మొదలవ్వాలో నన్నడిగితే ఆ సీసాల దగ్గర మొదలవ్వాలి.

బొడ్రాయి చందా, యాట కూర గురించి ఎక్కువ రాయను. పౌలు కొరింథు వాళ్ళకు రాసిందే సరిపోతుంది. కటిక అంగడిలో అమ్మేది ఏదైనా అడగకుండా తినండి, భూమియు దాని పరిపూర్ణతయు ప్రభునివి. ఇది విగ్రహానికి పెట్టింది అని ఎవరైనా చెప్తే, ఆ చెప్పినవాడి కోసం మానేయండి. పెట్టినచోట కూర్చుని మొక్కుతూ తినడం వేరు, పొరుగువాడు గిన్నెలో పంపితే తినడం వేరు అని ఆయన విడదీశాడు. మీరు కలిపేశారు. బొడ్రాయి పండుగ నాడు ఇంటికింత అని చందా వేస్తారు, ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. మా వాడలో ఒకాయన చందా రాసే పెద్దమనిషికి చెప్పాడు: "పూజకు నేనియ్య, భోజనాలకు రెండు బస్తాల బియ్యమిస్త." ఆయన ఒప్పుకున్నాడు. ఏ తీర్మానమూ లేకుండా, ఎవరినీ నొప్పించకుండా, గీత ఎక్కడ గీయాలో వాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని తేల్చుకున్నారు.

మన కోత పండుగ గురించి ఒక్కటి అడుగుతాను. నా చిన్నప్పుడు ఆ ఆదివారం గుడి అంతా గడ్డి వాసన. కొత్త వడ్లు, మొక్కజొన్న పొత్తులు, కాళ్ళు కట్టిన కోళ్ళు, తీగతో సహా తెచ్చిన సొరకాయలు. మా నాయనమ్మ నాటు వేసిన ప్రతిసారీ ముందు చిటికెడు మట్టి తీసి కళ్ళకద్దుకునేది, "దేవా, నీదే" అనేది, ఆ తర్వాతే మొదటి మొక్క పెట్టేది. కోతల్లో చివరి పనలో కొంత విప్పి, కుచ్చు కట్టి, పిచ్చుకల కోసం గుడి వరండాలో వేలాడదీసేది. మట్టి కళ్ళకద్దుకోవడం ఆమెకు ఎవరు నేర్పారు? బైబిల్లో లేదు. వాళ్ళమ్మ నేర్పింది, ఆమె బాప్తిస్మం తీసుకోకముందు. "దేవా, నీదే" అన్నది గుడిలో నేర్చుకుంది. రెండూ ఒకే చేతిలో, ఒకే నిమిషంలో. అందులోంచి అన్యాచారాన్ని విడదీసి చూపించండి, చూస్తాను.

ఇప్పుడు ఆ పండుగ వేలం పాటకు తగ్గింది. పోయినేడు ఒక గుమ్మడికాయ మూడు వేలకు పాడారు, మైకులో పేరు చెప్పారు, ఫోటో దిగారు. దాన్ని పండించిన మనిషి వెనక చాప మీద ఉంది, ఆమె పేరు చెప్పలేదు. గుడి కోసం పిడికెడు బియ్యం తీసిపెట్టే చేతులు, కలుపు పీకే చేతులు, తంగేడు కోసే చేతులు ఒకటే. మీ గుడి కప్పు నిలబడ్డది ఆ చేతుల మీద.

నేను అడిగేది ఎక్కువ కాదు. ఆ కాగితంలో పూల మాట కొట్టేయండి. బలవంతం ఎక్కడుందో, భయం ఎక్కడుందో అక్కడికి వెళ్ళండి, మా పెద్దలు వెళ్ళినట్టు. ఎవరికి తన మనస్సాక్షి పూలు పేర్చొద్దంటుందో ఆమెను మేము ఆడమని లాగం, ఆడినామెను మీరు బల్ల నుంచి లేపొద్దు. వచ్చే జ్యేష్ఠంలో ఏరువాక పున్నమి నాడు ఒక్క అయ్యగారైనా మా చేను దాకా రండి, గట్టు మీద నిలబడి విత్తనాల కోసం, నేల కోసం, నాగలి పట్టినవాళ్ళ కోసం ప్రార్థన చేయండి. నూనె సీసా తేవద్దు. టీ నేను పెడతాను.

ఆ ముసలామె దగ్గరికి మొన్న వెళ్ళాను. ముంగిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఏమీ అడగకముందే, "మూడు నెల్లంటే క్రిస్మస్ కూడా అండ్లనే పోతది గదా టీచరమ్మా" అంది. ఇంకేం అనలేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం మళ్ళీ బల్ల ఉంది. ఆమెను తోలుకొస్తాను. మూడో చాప మీద ఆమె పక్కన నేను కూర్చుంటాను. మా వేళ్ళకున్న పసుపు ఎప్పుడో పోయింది, కానీ సద్దుల నాడు నేనూ ఆడానని ఇందుమూలంగా మీకు రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను. రొట్టె పళ్ళెం ఆమెను దాటి పోతే, నన్ను కూడా దాటి పోవాలి.

ఇట్లు,
మీ సంఘ సభ్యురాలు, పాత సండే స్కూలు టీచరు